ఆమెన్ నువ్వే చెప్పాలి

జీవన్,

ఎదురింటి ఎలీసమ్మత్త మన ఇంటి ప్రార్థన వినడానికే సాయంత్రం గిన్నెలు వీధిలోకి తెచ్చుకుని తోముతుందట. "సీరియల్ ఎందుకండి, ఇదే బాగుంటాది" అని చర్చిలో అందరికీ చెబుతోందని పక్కింటి శాంతి చెప్పింది.

నేను పేపర్లు దిద్దే డ్యూటీకి అమలాపురం వెళ్తున్నాను. కాట్రేనికోన నుంచి పెళ్ళిచూపుల వాళ్ళు ఐదింటికి వస్తారు. నా బస్సు ఆలస్యమైతే వాళ్ళను కూర్చోబెట్టు. కాజాలు స్టీలు డబ్బాలో ఉన్నాయి. ప్రార్థన చేద్దామని ఎవరైనా అంటే నువ్వే మొదలుపెట్టి, నాన్నగారు గొంతు సవరించుకునేలోపు ఆమెన్ చెప్పేయి.

ఆరేళ్ళుగా అమ్మా నాన్నగారూ ఒకరిమీద ఒకరు దేవుడికి చెప్పుకోవడమే తప్ప నేరుగా మాట్లాడుకోరని బయటివాళ్ళకి ఎలా చెప్పగలం? పోయిన నెల మండపేట వాళ్ళ ముందు నాన్నగారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ పిల్లకు తల్లి నోరు రాకుండా కాపాడు" అన్నారు. అమ్మ వెంటనే అందుకుని, "తండ్రీ, పళ్ళసెట్టు తీసి నా పోపుల డబ్బాలో పెట్టే మనిషిని క్షమించు" అంది. అబ్బాయి తల్లి ఆమెన్ అనకుండానే చెప్పులు వేసుకుంది.

ఈసారి అబ్బాయి నాకు నచ్చాడురా. ఇదీ పోతే ఇంకొకరి ముందు కూర్చునే ఓపిక నాకు లేదు.

కరుణక్క

తా.క. అమ్మను కదపకు. పొద్దున నేనే అడిగాను, ఈ ఒక్క పూట ప్రార్థన మానుకోమని. నాన్నగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "అదీ మానేస్తే మీ నాన్నగారితో నేనింకెప్పుడు మాట్లాడాలే?" అంది.