హైమ బొక్కల ఫొటో

రెంజల్, సోమవారం

బిడ్డా లతా, పెద్దబాపు దీవెనలు.

ఫోన్ల ఐతే నువ్వు నన్ను మాట్లాడనియ్యవు, అందుకే రాస్తున్న. మనవరాలు హైమ చెరుకు ట్రాక్టర్ ఎక్కవోయి పడ్డది. బోధన్ల ఫొటో తీసి, మణికట్టు కాడ బొక్క జర చిట్లిందని పిండికట్టు కట్టిండ్రు. ఇంక పదిహేను దినాలకు ఇప్పాలె. నువ్వు నిజామాబాద్ దవాఖాన్ల ఎక్స్‌రే గదిలనే ఉన్నవ్ గద, అదే చేత్తోని పిల్లకు తల నుంచి కాలి దాక అన్ని ఫొటోలు తీపియ్యి. కొదువ చెయ్యకు.

ఇట్లు, హన్మండ్లు

మల్లొక ముచ్చట: పిల్లను చూడొచ్చినోళ్లంతా ఫొటో ఎండకు పట్టి చూస్తున్నరు. మొగులైన దినం మీ పెద్దమ్మ ఈరవ్వ టార్చిలైటు గూడ ఇస్తున్నది.

నిజామాబాద్, గురువారం

పెద్దబాపుకు దండాలు.

అన్ని ఫొటోలు తియ్యొద్దు పెద్దబాపూ. ఎక్స్‌రే కిరణాలు పిల్లల మీద అవసరమైతేనే పడాలె, అది గూడ అవసరమున్నంతే. పెరిగే ఒళ్లు వాళ్లది. ఆ పాత ఫొటో తెస్తే డాక్టర్ అదే చూస్తడు, మల్ల తీసుడు తప్పొచ్చు.

మీ బిడ్డ, లత

రెంజల్, సోమవారం

బిడ్డా,

నీ ఉత్తరం చదివిన. గా కిరణాలున్న ఫొటోను పది దినాలు పిల్ల తల పెట్టే మెత్త కిందనే పెట్టినం. ఊరు సగం చూసింది. పక్కింటి హన్మవ్వ కండ్లు మండుతున్నయంటున్నది. అప్పుడు ఉల్లిగడ్డలు కోస్తుండె, అది వేరే సంగతి. ఫొటోను తడి గోనెసంచిల చుట్టి, కట్టెకు తగిలిచ్చుకపోయి నిజాంసాగర్ కాలువల ఇడిసిన. పిల్ల గండం గడిచింది.

హన్మండ్లు

మల్లొక ముచ్చట: కాలువ కింది రైతు బాలనర్సయ్య తన చెరుకుకు నీళ్లు బంద్ పెట్టిండు. ‘నీ మనవరాలి బొక్కలు నా చెరుకుల మొలుస్తయ్’ అంటుండు.

నిజామాబాద్, బుధవారం

పెద్దబాపూ,

మీరు తప్పు సమజయ్యిండ్రు. ఫొటోల కిరణాలుండవు. తీసినప్పుడే పోతయ్, మిగిలేది నీడ. పిల్లకు రెండో ఎక్స్‌రే తప్పించేదాన్ని మీరు కాలువల వేసిండ్రు. ఎట్లన్న వెతుకుండ్రి. వచ్చే సోమవారం నాకు సెలవు, నేనుండ, డాక్టరైతే ఉంటడు, పిల్లను తీస్కపోండ్రి.

లత

రెంజల్, మంగళవారం

బిడ్డా,

ఫొటో తూము జాలికి తట్టుకొని దొరికింది. అందుకోవోతె నేను జారి పడ్డ, అది మల్ల కొట్టుకపోయింది. నిన్న భయపడుకుంట పిల్లను మీ దవాఖానకు తీస్కపోయిన. డాక్టర్ కట్టు ఇప్పి, చెయ్యి ఒత్తి, మలిపి, బోధన్ల రాసిచ్చిన కాయితం చదివి, ‘అతుక్కున్నది, మల్ల ఫొటో అక్కెర లేదు’ అన్నడు. సంబరంతోని పిల్లను ఎత్తుకోవోతె నా చెయ్యి లేవలే. కాలువల పడ్డప్పుడే ఇరిగిందట.

నన్ను ఎక్స్‌రే మిషను కింద పండవెట్టిండ్రు. హైమను గది బయటనే ఆపిండ్రు. అది తలుపు అవతల నుంచే ‘తాతా, కదలకు. కదిలితే మల్ల తీస్తరు’ అని ఒక్కటే మొత్తుకున్నది. రెండుసార్లు తీసిండ్రు. పెద్దమనిషిని గద, ఒక్కటి చాలలేదేమో.

హన్మండ్లు

మల్లొక ముచ్చట: నేను మీ పెద్దమ్మను. ఆయన చెప్తుంటే రాస్తున్న. రెండోసారి ఎందుకు తీసిండ్రో ఆయన చెప్పడు. ఫొటో తీస్తున్నరని జేబులకెళ్లి దువ్వెన తీసిండు.