మబ్బులేని ఊరికి విమానం

కర్నూలు,
3 ఆగస్టు 2006.

పూజ్యులైన తిమ్మన్న మామకు, హంపమ్మ అత్త పెట్టిన జొన్నరొట్టె ఇంకా మరచిపోని మేనల్లుడు ఈరేష్ రాయునది.

మామా, బోరు వేసుకోవడానికి నువ్వు పెట్టుకున్న అప్పు దరఖాస్తు మా బ్యాంకులో నా బల్ల మీదికే వచ్చింది. బంధుప్రీతి చూపకుండా, మిక్కిలి విచారంతో తిరస్కరించాను. కారణం: మీ ఊరికి మబ్బు పట్టదు, వాన కురవదు, భూమిలో నీళ్లుండవు. కావున అప్పు తిరిగి రాదు.

అదే బల్ల మీద ఒక శుభవార్త కూడా ఉంది. మన ముద్దలకుంట బీడులో ఒక కంపెనీ చిన్న విమానాశ్రయం కడుతుందట. అరవై కోట్లు మా బ్యాంకే అప్పిస్తుంది. విమానాల పొగతో భూమి వేడెక్కుతోందని ఈమధ్య పెద్దవాళ్లు బెంగపడుతున్నారు గనుక, ఊరివాళ్ల అభ్యంతరాలు కనుక్కోమని హెడ్డాఫీసు ఆజ్ఞ. నలుగురినీ అడిగి రాయి.

ఇట్లు, కుర్చీకి కొత్త, మీకు పాత,
ఈరేష్, ఎం.కామ్.

తా.క.: నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అభ్యంతరాలుంటే కాస్త మర్యాదగా ఉండనివ్వు.

ముద్దలకుంట,
10 ఆగస్టు.

అల్లుడు ఈరేష్‌కు మామ దీవెనలు. బోరు సంగతి చదివి మీ అత్త రెండు దినాలు నీ పేరెత్తల్యా. విమానం సంగతి చదివి మళ్లా ఎత్తింది.

అభ్యంతరమేందప్పా! పోయినేడు సర్కారోళ్లు మేఘమథనమని విమానం పంపితే, యాడో దొరికిన ఒక్క మబ్బు మీద ఉప్పు చల్లిపాయ. మన చేన్లో నాలుగు చినుకులు పడ్య. అట్లాంటివి ఊరి పక్కనే దిగుతాయంటే ఎవురు వద్దంటారు? ఐదెకరాల శనక్కాయ బుడ్డల చేను ఎండిపోతాండాది. ఇంకో నెల వాన రాకుంటే అది ఎద్దులకు మేతే. రెండొందల పన్నెండు మంది సంతోషంగా ఏలిముద్రలు ఏసినారు, ఈడ పెట్టినా. మొదటి విమానం మన చేను మీదనే పోవల్ల.

మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తాండే
మీ మామ తిమ్మన్న.

తా.క.: విమానం తోలేటోనికి రొట్టె చేసి పెడతానంటాండాది మీ అత్త. గొడ్డుకారం తింటాడో లేదో కనుక్కో.

కర్నూలు,
17 ఆగస్టు.

మామా, నమస్కారాలు, వాటి వెంటే ఒక సవరణ.

ఉప్పు చల్లేది వేరే విమానం. ఇవి మనుషుల్ని హైదరాబాదుకు మోసేవి. వానతో వీటికి ఏ చుట్టరికమూ లేదు. పైగా వీటి పొగ వల్ల ఎండలు ముదిరి వానలు అదుపు తప్పుతాయని చదువుకున్నవాళ్లు చెబుతున్నారు. ఆ విషయం మీద నేనే పదిహేడు పేజీలు రాసి ఫైల్లో పెట్టాను. మేనేజరు గారు వాటి మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నారు. దయచేసి వేలిముద్రలు వెనక్కి తీసుకోండి.

పొగమంచులో ఉన్న నీ అల్లుడు,
ఈరేష్.

తా.క.: ఆలస్యమైపోయింది. "ప్రజల్లో పొంగిపొర్లుతున్న ఉత్సాహం" అని పైకి పంపేశారు.

ముద్దలకుంట,
25 ఆగస్టు.

అల్లునికి మామ దీవెనలు, సగం మాత్రమే.

వాన లేనోనికి బోరేసేదానికి దుడ్లు లేవు, ఉన్న వానను తరిమేదానికి అరవై కోట్లా? శానా బాగుండాదప్పా మీ బ్యాంకు! సరే, ఒక దారి చెప్తా. టికెట్టుతో పాటు మనిషికో దోసెడు ఉప్పియ్యండి. మన చేను కాడికొచ్చినప్పుడు కిటికీలోంచి చల్లుతారు. కిటికీలు తెరుసుకోవంటావా? పది రూపాయల పత్తికొండ బస్సుకే తెరుసుకుంటాయి, వేలు పోసేదానికి తెరుసుకోవా?

ఇంకోటి. మీ బ్యాంకోళ్లు పంచాయతీ గోడకు అంటించిన ఇంగ్లీషు కాయితం బడిపంతులుతో చదివిచ్చినా. "ఏడాదిలో మూడు వందల దినములు ఈ ఊరికి మబ్బు పట్టదు, కావున విమానములకు శ్రేష్ఠమైన చోటు" అని ఉండాది. అదే మబ్బు లేనితనం నా కాయితంలో తప్పు, వాళ్ల కాయితంలో గొప్పా? ఎవుడప్పా రాసిన మొనగాడు?

జవాబు కోసరం కాసుకోనుండే
తిమ్మన్న.

తా.క.: కింద సంతకం కూడా చదివిచ్చినా. నీదే.

కర్నూలు,
2 సెప్టెంబరు.

మామకు, తలవంచుకుని రాయునది.

దొరికిపోయాను. మా ఆఫీసులో వానల లెక్కకు ఉన్నది ఒకటే కాగితం. నీ ఫైల్లో కన్నీళ్లతో అంటించాను, వాళ్ల ఫైల్లో చప్పట్లతో అంటించాను. ఇప్పుడు ఆ మబ్బు లేనితనాన్ని కళ్లారా చూడడానికి తొమ్మిదో తేదీన హెడ్డాఫీసు పెద్దసారు వస్తున్నారు. ఆయన మెచ్చుకుంటే నా ఉద్యోగం పర్మనెంటు. ఊరిని ఎప్పట్లాగే ఎండగా ఉంచు, చాలు.

నీ దయ, సూర్యుడి దయ కోరే
ఈరేష్.

తా.క.: మబ్బు కనిపిస్తే అత్తతో చెప్పి అదిలించు.

ముద్దలకుంట,
11 సెప్టెంబరు.

అల్లుడా! నిండు దీవెనలు, తడిసినవి.

పెద్దసారు జీపు దిగినాడు, ఆపొద్దే ఉరిమింది. మూడు గంటలు కుమ్మేసిందప్పా వాన! జీపు బురదలో దిగబడితే మన ఎద్దులే లాగినాయి. బుడ్డల చేను లేచి కూసునింది!

సారు మన పంచలో రొట్టె తింటా అడిగినాడు: "ఏమయ్యా, మీ ఊర్లో వానలు ఎప్పుడూ ఇట్లాగే పడతాయా?" నీ ఉద్యోగం గుర్తుకొచ్చింది, అబద్ధమేల. కానీ బయటోడు అడిగితే సొంతూరిని తక్కువ చేసేదెట్ల? "ఇదేం వాన సారూ! పోయినేడు సూసింటే తెలిసేది, చెరువు అలుగు పారింది" అంటి. బుక్కులో రాసుకున్యాడు.

చేను గట్టు మీద కూసోని రాస్తాండే
మీ మామ.

తా.క.: గొడ్డుకారం తిన్యాడు. మూడు చెంబుల నీళ్లు తాగి, "మీకు నీళ్లకు కొదవ లేదే" అని అది కూడా రాసుకున్యాడు.

కర్నూలు,
20 సెప్టెంబరు.

మామకు, అత్తకు, బతికిన చేనుకు నమస్కారాలు.

విమానం ఫైలు తిరిగొచ్చింది: "మబ్బులు, వానలు అధికం. అనుకూలం కాదు." నా పదిహేడు పేజీలు ఆపలేని విమానాన్ని నీ గొప్పలు ఆపేశాయి. లెక్క తప్పు రాసినందుకు నన్ను పర్మనెంటు చేయడం ఆరు నెలలు వాయిదా వేశారు. పోనీలే అనుకుని, ఊళ్లో వానలున్నాయని పెద్దసారే ఒప్పుకున్నారు కదా అని, నీ బోరు దరఖాస్తు దులిపి ఆయనకే పంపాను.

నిన్న జవాబొచ్చింది: "ఇంత వాన, ఇన్ని నీళ్లు ఉన్న ఊళ్లో బోరు అనవసరం. తిరస్కరించవలెను."

ఆదివారం వస్తున్నాను. రొట్టె పెట్టినా సరే, తిట్టినా సరే.

రెండింటికీ సిద్ధపడిన
ఈరేష్.

తా.క.: తిరస్కరణ కాగితం వేరే కవరులో వస్తుంది. కింద సంతకం పంతులుతో చదివించే శ్రమ పెట్టుకోవద్దు. నాదే.