కాలు దించిన మర్యాద

పెద్దమామయ్యగారికి,

నమస్కారం చివర్లో రాస్తాను.

మీ తమ్ముడి కొడుకు, మా ఆయన శ్రీవత్స కాలి గురించి మీరు శాండీఫోర్డ్‌లోని తెలుగువాళ్లందరికీ చెబుతున్నారట. జరిగింది కూడా కలిపి చెబితే బాగుంటుంది.

సైకిల్ ప్రమాదంలో మోకాలి కింద ఎముక బయటపడితే, డాక్టర్లు వీపు కండ తీసి దానిమీద కప్పారు. ఆ కండ ప్రాణమంతా సేమియా అంత సన్నటి రెండు రక్తనాళాల్లో ఉంది. వారం దాకా కాలు తలగడల మీదే ఉండాలి. దించితే రక్తం పైకి వెళ్లలేక కండలోనే నిలిచిపోతుంది. ఇదంతా మీరు చూడడానికి వచ్చినప్పుడు నర్సు మీకు ఆసుపత్రి గది గుమ్మంలోనే చెప్పింది.

మీరు కుర్చీ లాక్కుని సరిగ్గా ఆయన కాళ్లకెదురుగా కూర్చున్నారు. “పెద్దవాళ్ల మొహం మీదకి కాళ్లు చాపడం మన ఇంట్లో లేదురా” అన్నారట. ఆయన సిగ్గుపడి కాలు దించేశారు. “అదీ పెంపకమంటే” అని మెచ్చుకుని, అత్లోన్ ఊళ్లో మీరు కొన్న ఇంటి గురించి నలభై నిమిషాలు చెప్పారు. మధ్యలో నర్సు తొంగిచూస్తే “ఆల్ గ్రాండ్”, అంతా బాగానే ఉందని మీరే పంపేశారు. నేను క్యాంటీన్ నుంచి వచ్చేసరికి కండ వంకాయ రంగులో ఉంది.

మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లి ఆ కండలో సగం దక్కించారు. కాలు ఎందుకు దించారని డాక్టరమ్మ అడిగితే, మర్యాద కోసమని చెప్పాను. ఆవిడ అర్థంకాక రెండోసారి అడిగింది.

శనివారం మళ్లీ వస్తానన్నారు. రండి. మంచం తిప్పించాను. ఆయన పాదం ఇప్పుడు సరిగ్గా గుమ్మం వైపు ఉంది. దానికి నమస్కారం పెట్టి లోపలికి రండి.

మీ కోడలు