రేపు నేర్చుకునే అక్షరాలు

తొరపాడి, 15 జూన్ 1998

ఒళ్లు మండిపోతోంది. గుడియాత్తం నుంచి మా నాన్న మనవరాలికి తెలుగులో జాబు రాశాడు. పదమూడేళ్ల పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏం రాసుండాదమ్మా? నువ్వే చదివి చెప్పు," అంది.

రోజూ అన్నం తిన్నాక దానిచేత రెండక్షరాలు దిద్దించాలని పలక కొని ఆరేళ్లయింది. నేను పలక తీస్తే చాలు, మా ఆయన కేబుల్ టీవీ పెట్టి, "రేపు నేర్చుకుంటాదిలే," అనేవాడు. ఒక్క రోజుకేం పోతుందని నేనూ ఊరుకునేదాన్ని. రోజూ ఊరుకున్నాను.

ఇవాళ కూడా నవ్వుతూ, "తమిళం చదివే పిల్లకి తెలుగు ఎందుకమ్మే?" అన్నాడు. ఆయనకూ తెలుగు చదవడం రాదు.

ఇందాకటి పేజీ నిండా ఆయన్ని తిట్టాను. డైరీని దాచడం లేదు, టీవీ మీదే తెరిచి పెడుతున్నాను. ఈ ఇంట్లో దీన్ని చదివేవాళ్లెవరు?