తాతయ్య సమాధి రాయి మీద మాట

ఇనోకే అన్నా, తాతయ్య బతుకులో ముప్పాతిక భాగం నువ్వు మింగేశావు. సమాధి రాయి మీద "మలయా యుద్ధ సైనికుడు" అని మాత్రమే చెక్కిస్తున్నావని అత్త రాసింది. నీకు తుపాకీ ఒక్కటే గొప్పగా కనిపించిందా? మలయా గురించి ఆయన మనకి చెప్పింది వానా, జలగలూ, అంతేగా!

పక్క ఊరితో ఆడిన రగ్బీ మర్చిపోయావా? తాతయ్యే రిఫరీ. నాన్న అవతలివాణ్ణి మెడ పట్టి పడేస్తే ఈల ఊది బయటికి పంపేశాడు.

"నేను నీ కొడుకుని నాన్నా!"

"ఈల నోట్లో ఉన్నంతసేపూ నాకు కొడుకుల్లేరు, నడు!"

మనం ఓడిపోయాం. సాయంత్రం ప్రార్థనలో నాన్న మూతి బిగించుకుని కూచుంటే తాతయ్య కీర్తన మధ్యలో ఆపేశాడు. "ఒరే, నిన్ను గెంటింది మైదానంలోంచే, పాటలోంచి కాదు. నీ జత లేక నా గొంతు కుంటుతోంది, ఎత్తుకో!" నాన్న నవ్వేసి ఎత్తుకున్నాడు. ఊరంతా అందుకుంది. ఇక్కడ లౌటోక మిల్లులో చెరకు మోస్తున్నప్పుడు ఇప్పటికీ ఆ పాటే నా నోట్లో ఆడుతుంది. ప్రాణం హాయిగా ఉంటుంది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? కొన్నాళ్లు చాపలు అల్లొద్దని చెప్పు. రాత్రిళ్లు నూరి నీళ్లలో కలుపుకుని తాగడానికి ఎండిన కావా వేరు కాస్త పంపు. నేను క్షేమం. పిల్లలకి ముద్దులు, దేవుడు అందర్నీ చల్లగా చూడాలి.

తాతయ్య పోయిన నూరో రాత్రికి మనం సంతాపపు నల్లబట్టలు విడుస్తాం, రాయి మీద కప్పిన గుడ్డ తీస్తారు. అప్పటికి దాని మీద "ఈల ఊదాడు, పాడాడు, కొడుకుని పక్కన కూచోబెట్టుకుని ప్రార్థించాడు" అని ఉండాలి. లేదంటే ఉలి పట్టుకుని నేనే వస్తాను. చెక్కిస్తావో లేదో శుక్రవారం పడవలో జవాబు పంపు.

సైలోసి