నీలం కల్లం మీద కారం

నల్లపాడు,
బుధవారం.

చిరంజీవి ప్రేమ్‌చంద్‌ను అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నీ కూతురూ క్షేమం. క్షేమం అంటే ఒంటి మట్టుకే, నా బుర్ర ఎలా ఉందో కింద చదువుతావు. అక్కడ నువ్వు, కోడలు కోటేశ్వరి, మిరప కోతకొచ్చిన వాళ్లు అంతా బాగున్నారని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. ఈ గదిలో నేను ఫోను తీస్తే తేజశ్రీ చెవి పక్కనే ఉంటుంది. నువ్వేమో "గెలిచిందా, లేదా?" అని అడిగి పెట్టేస్తావు. లారీ మీరావలి మన మిరపకాయ గుంటూరు యార్డులో దించేసి సాయంత్రం దర్శి తిరిగొస్తున్నాడు. నీ చీటీ తెచ్చిన చేతికే జవాబు ఇస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవి. పిల్ల తింటోందా అన్నావు. తింటోంది, అరటిపండ్లు. ఆటకు ముందు అరటిపండు, ఆట మధ్యలో అరటిపండు, ఆట అయ్యాక మళ్లీ అదే. వేడన్నంలో ఇంత కారం, నెయ్యి కలుపుకో తల్లీ అంటే "మ్యాచ్ ముందు వద్దు నాయనమ్మా" అంటుంది. మిరపచేలో పెరిగిన పిల్లకు ఇదేం రోగమో! నా మోకాళ్లు అడిగావు. పగలంతా ఇనుప మెట్ల మీద కూర్చోబెడితే ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. ఈ టెన్నిసు ఆట నాకు అర్థమవుతోందా అన్నావు. పదిహేను, ముప్ఫై, ఆ తర్వాత నలభై అంటారు. మిగతా అయిదూ ఎవరు తిన్నారో చెప్పే నాథుడు లేడు. పైగా నోరు విప్పకూడదు. "కొట్టవే తల్లీ!" అన్నానో లేదో, మంచె లాంటి ఎత్తు కుర్చీలో కూర్చున్న అంపైరమ్మ నా వంక చూసి "క్వైట్ ప్లీజ్" అంది. తెలుగు మనిషేనట, అయినా నన్ను ఇంగ్లీషులోనే కసిరింది. మీ నాన్న కూడా ఏనాడూ నన్ను నోరు మూసుకోమనలేదు.

బయల్దేరేటప్పుడు నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. "ఈసారి కూడా ర్యాంకుకు మొదటి పాయింటు రాకపోతే బ్యాట్లు మూటగట్టి పిల్లను ఇంటికి తెచ్చెయ్యమ్మా, ఇంక చాలు" అన్నావు. ఆ పాయింటు కావాలంటే మెయిన్ డ్రా అనే అసలు పోటీలో ఒక్క మ్యాచ్ గెలవాలి. నిన్న ఓడిపోయింది. అది నీకు ఫోనులో తెలిసిందే. ఎలా ఓడిందో తెలియదు.

కోటేశ్వరి కట్టిచ్చిన కారం డబ్బాలో చెమ్మ చేరి గడ్డలు కట్టింది. మా గదికి ఎండ రాదు. మేడ మీదికి ఇంటివాళ్లు పోనివ్వరు. నిన్న పొద్దున మైదానానికి పోయి చూద్దును కదా, చివరి కోర్టు ఖాళీగా ఉంది. నీలం రంగు వేసిన నున్నటి నేల. ఒక రాయి లేదు, గడ్డిపోచ లేదు. కుక్కా మేకా రాకుండా చుట్టూ వల. పొద్దస్తమానం ఎండ. అలాంటి కల్లం దర్శి చుట్టుపక్కల ఏ రైతుకైనా ఉందా? ఊరికే పడి ఉంది. మన ఊరి ఆడది ఎవరైనా ఏం చేస్తుంది? నేనూ అదే చేశాను. పాత చీర పరిచి, నాలుగు మూలలా నీళ్ల సీసాలు పెట్టి, కారం ఆరబోశాను.

పిల్ల మొదటి సెట్టు గెలిచింది. రెండో సెట్టులో అయిదు మూడు. ఇంకొక్క గేమ్ గెలిస్తే పాయింటు మనదే. అప్పుడు లేచిందిరా సుడిగాలి! అవతలి పిల్లది ఏదో చలి దేశం. ఒకటే తుమ్ములు, దగ్గు, కళ్ల వెంట ధారలు. మనది ఒకసారి ముక్కు ఎగబీల్చి నిలబడింది, అంతే. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి ఆ పిల్ల కళ్లలో మందు వేసింది. టైము అయిపోతోంది, ఆడతావా తప్పుకుంటావా అని అంపైరమ్మ అడుగుతోంది. ఆ పిల్లకు చేతిలో బ్యాటే కనపడడం లేదు.

నాకు అప్పటికే అర్థమైంది. అయినా లేవలేదు, చెప్పలేదు. ఇంతసేపూ దాచింది ఇప్పుడు చెబుతున్నాను నాయనా, నాకు లోపల సంతోషం వేసింది. ఆ పిల్ల తప్పుకుంటే చాలు, దేవుడా, అనుకున్నాను. ఆ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

నీ కూతురు చివరి కోర్టు వైపు చూసింది. నా చీర దానికి తెలియదా? తర్వాత నా మొహం చూసింది. తిన్నగా అంపైరమ్మ దగ్గరికి పోయింది.

"అది మా ఇంటి కారం మేడమ్. మా నాయనమ్మ ఆరబోసింది. ఆ అమ్మాయికి జబ్బేం లేదు, కడుక్కుని రానివ్వండి. నేను ఆగుతాను."

ఆట ఆపారు. కోర్టు కడిగారు. నా చీర కారంతో సహా చుట్టి చెత్తబుట్టలో పడేశారు. అందరూ నన్నే చూస్తున్నారు. అంతా అయ్యేసరికి ఆ పిల్ల కళ్లు తేటపడ్డాయి, మనదాని ఒళ్లు చల్లారిపోయింది. ఆ సెట్టూ పోయింది, మూడోదీ పోయింది.

గదికొచ్చి దులిపేశాను. "నోరు మూసుకుని నిలబడితే నీ సొమ్మేం పోయేదే? ఇంత ధర్మం నీకు ఎవరు నేర్పారే?"

అది అరటిపండు ఒలుచుకుంటూ "నాన్న" అంది. "బస్తాలో తాలు కాయ కలపొద్దంటాడుగా."

పోయినేడు వానకు తడిసి, రంగు పోయి సగం కాయ తాలైనా, ఒక్కటి కూడా మంచి కాయలో కలవనివ్వక విడిగా బస్తాలు కట్టించావు. లోకం తెలియని వాడివని నా చేత తిట్లు తిన్నావు. పక్కన కూర్చుని కాయ ఏరింది ఇదే కదరా.

ఇప్పుడు నువ్వే చెప్పు. పిల్లకు చేతగాక ఓడలేదు. సగం నా కారం వల్ల ఓడింది, సగం నీ పెంపకం వల్ల ఓడింది. మనిద్దరి నిర్వాకానికి దాని బ్యాట్లు మూటగట్టమంటావా? నేను కట్టను. వచ్చే వారం షోలాపూరులో ఇంకో టోర్నమెంటు ఉందట. ఇద్దరం వెళుతున్నాం. అక్కడి భాష నాకు రాదు, వచ్చినా ఏం లాభం, ఎలాగూ మాట్లాడనివ్వరుగా. నీకు కోపం వస్తే రానీ, కోతలయ్యేసరికి తగ్గుతుంది.

కొత్త కారం కొట్టించి పంపుతానని కోటేశ్వరి అన్నదట. పంపొద్దని చెప్పు. నేనూ అరటిపండే తింటాను.

ఇట్లు,
తేజశ్రీ నాయనమ్మ,
సుబ్బరావమ్మ