రెండోసారి పౌడర్

శంషాబాద్,
24 సెప్టెంబర్ 2012

తమ్ముడు పాండుకు,

ఆరేళ్లుగా నీ ఎదురుగా కూర్చుని క్యారమ్స్ ఆడుతున్నాను. ఇప్పుడు నీకే ఉత్తరం రాయడం వింతగా ఉంది. నోటితో చెప్పలేక రాస్తున్నాను. నువ్వు పేకాట ఆడతావని వినాయకుడి మండపం కమిటీకి పేరు లేకుండా చీటీ రాసింది నేనే. దానితోనే నిన్ను ఫైనల్ నుంచి తీసేశారు. ఎల్లుండి ఆట లేకుండానే కప్పు నాకిస్తారట.

ఈ ఆట నాకెవరూ నేర్పలేదు. కొత్తూరు ఫ్యాక్టరీలో కాంటా దగ్గర డ్యూటీ దిగి వచ్చి, ఒక్కణ్ణే బోర్డు ముందు కూర్చుని నేర్చుకున్నాను. ఏ రోజు ఏ కాయిన్ తప్పిందో, ఎందుకు తప్పిందో రాసుకుంటూ నాలుగు నోటుబుక్కులు నింపాను. నువ్వు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో డ్యూటీ చేసి, మిగిలిన పొద్దంతా పేక పత్తాలాడి, వారానికోసారి బోర్డు దగ్గరికి వస్తావు. అయినా మూడు ఫైనళ్లలో నన్ను ఓడించావు. చివరి కాయిన్ దగ్గర నా వేలు వణుకుతుంది. నీది వణకదు.

పోయినేడు ఆట అయ్యాక మీ వదిన శోభ నవ్వుతూ అన్నది: "పాండును జూడు, ఎంత నిమ్మళంగుంటడో. నువ్వేందయ్యా, పరీక్ష రాసే పోరని లెక్క చెమటలు గారుస్తవు." ఏడాదంతా ఆ మాట కుట్టింది. ఆమె నా ఆట చూడలేదు, నీ చెయ్యి చూసింది. చీటీ రాసేటప్పుడు నా మనసులో ఉన్నది అదొక్కటే.

నిన్న ఆమెకు నిజం చెప్పాను. "ఆడకుండ తెచ్చిన కప్పు నా ఇంట్ల పెట్టకు" అని మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. రేపు కమిటీకి కూడా చెప్తాను. ఇక మీదట బోర్డు ముట్టను.

ఇట్లు,
కొండల్

25 సెప్టెంబర్

కొండలన్నకు,

ఉత్తరం వదిన ఇచ్చింది. చీటీ నీదేనని నాకు ముందే తెలుసు. కమిటీ రాజయ్య చూపించాడు. నేను పత్తాలాడిన తారీఖులన్నీ వరుస నంబర్లు వేసి నువ్వు కాక ఎవరు రాస్తారే? నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. రాత్రి అన్నం తినలేదు.

నా దగ్గర మంత్రమేమీ లేదన్నా. పత్తాల్లో పదిసార్లకు ఏడుసార్లు చెత్త ముక్కలే వస్తాయి. వాటిని పట్టుకుని ఏడిస్తే తర్వాతి ఆట కూడా పోతుంది. కింద పారేసి మళ్లీ పంచమనాలి. అది నేర్చుకునేలోపు పందెంలో నా బండి పోయింది, అందుకే డ్యూటీకి నడిచి పోతున్నాను. నువ్వేమో మొదటి బోర్డు ఆటలో తప్పిన కాయిన్‌ను మూడో బోర్డు దాకా మోస్తావు. ఇంటికి పోయి పుస్తకంలో కూడా రాస్తావు.

ఇంకొకటి. మేము ముక్కల కన్నా ముందు ఎదుటివాణ్ణి చూస్తాం. నీకు భయమైతే బోర్డు మీద రెండుసార్లు పౌడర్ చల్లుతావు. రెండోసారి డబ్బా ఎత్తగానే, ఈ దెబ్బ తప్పుతుందని నేను వెనక్కి ఆనుకుంటాను. వదిన చూసిన నిమ్మళం అదే. నీ చేతిలో ఉన్న ఆట నా చేతిలో లేదని నేనెన్నిసార్లు కుళ్లుకున్నానో నీకు తెలియదు.

రేపు ఆడదాం. రావాలి.

నీ పాండు

27 సెప్టెంబర్

తమ్ముడు పాండుకు,

చీటీ నాదేనని చెబితే రాజయ్య అందరి ముందూ తిట్టాడు, పడ్డాను. అయినా ఫైనల్ ఆడించాడు. నిన్న మొదటి బోర్డు ఓడిపోయాను. పోనీ అనుకున్నాను. అలా అనుకోవడం నా జన్మలో అదే మొదలు.

మూడో బోర్డులో రెడ్ కాయిన్ నా ముందుకొచ్చింది. పౌడర్ ఒకసారి చల్లాను. నీ ముఖం చూసి, కావాలనే రెండోసారి డబ్బా ఎత్తాను. నువ్వు వెనక్కి ఆనుకున్నావు. రెడ్ పడింది, దాని వెనకే నా కాయిన్ పడింది. "ఏందన్నా, గిట్ల జేస్తివి!" అని అరిచావు. తర్వాత నువ్వు స్ట్రైకర్ మీద వేలు పెడితే శోభ నా పక్కకు వంగి, "పాండు చెయ్యి జూసినవా?" అన్నది.

చివరికి రెండు పాయింట్ల తేడాతో గెలిచింది నువ్వే. కప్పు నీ ఇంటికే పోయింది.

ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. తప్పిన కాయిన్లు రాయలేదు. ఒక్క లైనే రాశాను: ఈ రోజు పాండు వేలు వణికింది.

నీ అన్న,
కొండల్